మూడో పుస్తె

భద్రాచలంలో శ్రీరామనవమినాడు జరిగే కల్యాణంలో సీతమ్మ మెడలో పడే మంగళసూత్రాలు మూడు. ఒకటి దశరథుడి తరఫున, ఇంకొకటి జనకుడి తరఫున. ఆ రెండింటి లెక్క ఎవరికైనా తెలుస్తుంది. అత్తింటి పుస్తె, పుట్టింటి పుస్తె మన పెళ్లిళ్లలో ఉన్నవే. మూడోది రామదాసుగా పేరుపడ్డ కంచెర్ల గోపన్న చేయించింది. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహశీల్దారై, గోల్కొండ ఖజానాకు పోవాల్సిన పన్ను సొమ్ముతో గుడి కట్టించి, అబుల్ హసన్ తానీషా చెరసాలలో ఏళ్లకేళ్లు మగ్గిన మనిషి ఆయన. వధువుకు చుట్టం కాడు, వరుడికి బంధువు కాడు. అయినా ఆ పెళ్లిలో తన పేర ఒక సూత్రం పడేలా చేసుకున్నాడు. అదే పెళ్లికి ప్రభుత్వం పట్టుబట్టలు, ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. తానీషా మొదలుపెట్టాడని చెప్పే ఆ ఆనవాయితీ నిజాముల చేతుల మీదుగా ముఖ్యమంత్రుల దాకా వచ్చింది.

పెళ్లికొడుకూ పెళ్లికూతురూ దేవుళ్లే అయినప్పుడు ఇంతమంది ఎందుకు? ఇద్దరు ఒకరినొకరు కోరుకున్నాక, ఆ కోరిక చెల్లుబాటు కావడానికి మూడో మనిషి ఒప్పుకోలు ఎందుకు కావాలి? ప్రేమ చరిత్రను చాలామంది నిచ్చెనలా చెబుతారు. పూర్వం ప్రేమ లేదు, పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లే ఉండేవి. తర్వాత నవలలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి, పిల్లలు తమకు నచ్చినవాళ్లను చేసుకోవడం నేర్చుకున్నారు అని. స్విట్జర్లాండ్ రచయిత డెనీ ద రూజ్‌మో 1939లో ఒక పెద్ద పుస్తకమే రాసి, మనం ప్రేమ అనుకునే ఈ తపన 12వ శతాబ్దంలో దక్షిణ ఫ్రాన్సు గాయక కవుల దగ్గర పుట్టిందన్నాడు. విలియం జాంకోవియాక్, ఎడ్వర్డ్ ఫిషర్ అనే ఇద్దరు మానవశాస్త్రవేత్తలు 1992లో 166 సమాజాల సమాచారం జల్లెడ పట్టి చూస్తే, 147 చోట్ల ఈ ప్రేమ జాడలు కనిపించాయి. అంటే తపన ఎవరూ కనిపెట్టింది కాదు. మారుతూ వచ్చింది దానికి సాక్షి ఎవరన్నది. ఖమ్మం నుంచి భద్రాచలం దాటి అడవిలోకి పోయే దారిలో ఆ సాక్షులందరూ, రకరకాల కాలాల వాళ్లు, ఒకేచోట తారసపడతారు.

గోదావరి ఒడ్డు ప్రేమకు పాత చోటే. శాతవాహన రాజు హాలుడి పేరున ఉన్న గాథాసప్తశతిలో ఆ నది మాటిమాటికీ కనిపిస్తుంది. ఏటి ఒడ్డు పొదల్లో కలుసుకునేవాళ్లు, పంట కోత అయిపోతే దాక్కునే చోటు పోయిందని దిగులుపడే ఆడవాళ్లు, వేటగాళ్ల పెళ్లాలు, దారిన పోయే బాటసారులు ఆ ప్రాకృత గాథల నిండా ఉన్నారు. అందులో సాక్షి ఒక్కతే, చెలికత్తె. అత్తకు తెలియకూడదు, ఊరికి తెలియకూడదు, దేవుడి ఊసు అంతగా లేదు. రహస్యంగా ఉన్నంతసేపూ ప్రేమకు ఏ చిక్కూ లేదు. చిక్కంతా అది బయటికి వచ్చి నలుగురి ముందు నిలబడాల్సి వచ్చినప్పుడే.

ఆ చిక్కును శకుంతల కథ అంత సూటిగా చెప్పిన కథ మరొకటి లేదు. కాళిదాసు నాటకంలో శాపం ఉంది, ఉంగరం ఉంది. మహాభారతంలోనూ, దాన్ని 11వ శతాబ్దంలో తెలుగు చేసిన నన్నయ దగ్గరా అవి లేవు. అక్కడ దుష్యంతుడు దేన్నీ మరచిపోలేదు. కణ్వుడు ఆశ్రమంలో లేని సమయంలో గాంధర్వ వివాహానికి మంత్రం, తంత్రం అక్కర్లేదని ఒప్పించాడు. ఆమె కూడా అమాయకంగా ఒప్పుకోలేదు, తన కొడుకే యువరాజు కావాలని మాట తీసుకుంది. తీరా కొడుకుతో సభకు వస్తే నువ్వెవరో తెలియదన్నాడు. ఆకాశవాణి పలికాక, నాకు అంతా తెలుసు, లోకం ఏమంటుందోనని అలా అన్నానని తేల్చాడు. కాళిదాసు శాపం పెట్టి రాజు పరువు కాపాడాడు గానీ, అసలు కథే నిజానికి దగ్గరగా ఉంది. సాక్షి లేని ప్రేమలో బలవంతుడికి మాట మార్చే వెసులుబాటు ఎప్పుడూ ఉంటుంది.

వాత్స్యాయనుడు ఇది బాగా ఎరిగినవాడు. అనురాగమే అన్ని వివాహాలకూ ఫలం కనుక గాంధర్వాన్ని గౌరవించాలంటూనే, చాటుగా కలిసిన జంటకు ఒక లౌక్యపు సలహా ఇస్తాడు. శ్రోత్రియుడి ఇంటినుంచి నిప్పు తెచ్చుకుని, ఆ నిప్పు చుట్టూ తిరిగి, ఆ తర్వాతే తల్లిదండ్రులకు చెప్పమంటాడు. అగ్నిసాక్షిగా జరిగింది ఇక వెనక్కి పోదని ఆయన ధీమా. ఐరోపాలోనూ ఇదే వరస. ఇద్దరూ మాట ఇచ్చిపుచ్చుకుంటే చాలు, పెళ్లి అయినట్టేనని క్రైస్తవ చర్చి శతాబ్దాలపాటు ఒప్పుకుంది. చాటు పెళ్లిళ్ల తగాదాలు తీర్చలేక 1563లో ట్రెంట్ సభ మత గురువునూ, ఇద్దరు ముగ్గురు సాక్షులనూ తప్పనిసరి చేసింది. ఇంగ్లండులో 1753లో హార్డ్‌విక్ చట్టం పెద్దల అనుమతి అడిగితే, కుర్ర జంటలు సరిహద్దు దాటి స్కాట్లాండులోని గ్రెట్నా గ్రీన్‌కు పారిపోయి పెళ్లి చేసుకునేవి. ఇవాళ ఇంట్లో చెప్పకుండా హైదరాబాద్ బస్సెక్కి ఆర్యసమాజ్ మందిరం వెతుక్కునే జంటలు పడుతున్న పాటూ అదే. కావలసింది ప్రేమ కాదు, అది వాళ్ల దగ్గర ఉంది. కావలసింది దస్తావేజు.

భద్రాచలానికి దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉంది. సీత నారచీరలు ఆరేసిన బండలని అక్కడ గీతలు చూపిస్తారు, పక్కనే సీతవాగు. పంచవటి మాదేనని నాసిక్ వాళ్లూ అంటారు. ఆ తగువు ఎలా ఉన్నా, ఈ చోటికి అంటుకున్న కథలో ప్రేమ గురించి రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది శూర్పణఖది. ఒక ఆడది అడవిలో ఒక మగవాడిని చూసి నచ్చావని నేరుగా చెప్పింది. ఆయన నాకు పెళ్లయిందని నవ్వి తమ్ముడి దగ్గరకు పంపాడు, తమ్ముడు మళ్లీ అన్న దగ్గరకు పంపాడు. చివరికి ముక్కూ చెవులూ పోయాయి. ఆమె సీత మీదికి దూకిన మాట నిజమే. కానీ అంతకుముందు సాగిన ఎగతాళిని ఎంత భక్తితో చదివినా మింగుడు పడదు. ఓల్గా తన ‘విముక్త’లో, అడవుల పాలైన సీతకు అదే శూర్పణఖను ఎదురుపడేలా చేసింది. తోట పెంచుకుంటూ స్థిమితపడ్డ శూర్పణఖ అందులో కనిపిస్తుంది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

రెండో ప్రశ్న అగ్నిది. పెళ్లినాడు సాక్షిగా నిలిచిన అగ్నినే లంకలో మళ్లీ పిలిచి సాక్ష్యం అడిగారు. అతడు చెప్పాడు కూడా. అయినా అయోధ్యలో ఎవరో ఏదో అన్నారని తెలిసేసరికి ఆ సాక్ష్యం చెల్లలేదు. దుష్యంతుడు భయపడిన లోకం, రాముడు తలవంచిన లోకం ఒకటే. దేవతల సాక్ష్యం కన్నా ఊరి నోటికి బలమెక్కువని మన ఇతిహాసాలు రెండూ ఒప్పుకున్నాయి.

రామదాసు ఈ లోకాన్ని పక్కన పెట్టి ఇంకో దారి తొక్కాడు. స్వామికి తన మొర వినిపించమని సీతను బతిమాలే కీర్తన ఒకటుంది ఆయనది. ఆలుమగలు ఏకాంతంగా ఉన్న వేళ, ఆయన మనసు మెత్తగా ఉన్నప్పుడు, నా సంగతి కాస్త కదిపి చూడమ్మా అన్నది దాని సారం. జైల్లో ఉన్న ఉద్యోగి పెద్ద అధికారి భార్య ద్వారా సిఫారసు వేయించుకుంటున్నట్టే ఉంటుంది. కానీ దానికింద ఒక పెద్ద నమ్మకం ఉంది. భార్యాభర్తల దగ్గరితనమే దయకు మూలమని, ప్రపంచానికి మేలు జరిగేది అక్కడినుంచేనని. గర్భగుడిలోని రాముడు కూడా ఎడమ తొడమీద సీతను కూర్చోబెట్టుకుని ఉంటాడు. దాదాపు అదే శతాబ్దంలో క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడి కోసం వేగిపోయే నాయిక అలుగుతుంది, దెప్పుతుంది, పెళ్లి ఊసే ఎత్తదు. భక్తి పేరున శృంగారానికి రెండు వేర్వేరు ఇళ్లు కట్టిన కాలం అది. గోపన్నది సంసారి ఇల్లు.

ఇదంతా గుడి వైపు కథ. అడవి వైపు కథను మొదట కాగితం మీద పెట్టినవాళ్లలో ఒకడు రెవరెండ్ జాన్ కెయిన్. పర్ణశాలకు దగ్గర్లోని దుమ్ముగూడెం మిషన్‌లో ఉంటూ, 1870లలో ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికకు కోయల గురించి వ్యాసాలు పంపాడు. పిల్లను ఎత్తుకొచ్చి చేసుకునే పెళ్లిళ్లను వర్ణించాడు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ తన కులాలు, తెగల సంపుటాల్లో ఆ వివరాలు వాడుకున్నాడు. 1940లలో పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ కూడా పెద్దలు కుదిర్చినవీ, లేచిపోయి చేసుకున్నవీ, ఎత్తుకొచ్చి చేసుకున్నవీ మూడు రకాల పెళ్లిళ్లూ చూశాడు. సీతను ఎత్తుకుపోయారని చెప్పే నేల పక్కనే కూర్చుని ఒక పాదిరి ఈ సంగతి రాస్తున్నాడు. ఆయన పాఠకులకు అది అనాగరికం. మనువు చెప్పిన ఎనిమిది వివాహాల్లో రాక్షసం ఉందని, అర్జునుడు సుభద్రను తీసుకుపోయింది అలాగేనని, దాన్ని మనం ఇప్పటికీ వేడుకగా పాడుకుంటున్నామని వాళ్లకు తోచి ఉండదు.

అయితే ఆ అలవాటును వెనకేసుకు రావాల్సిన పనీ లేదు. ఎత్తుకుపోవడంలో ముందే మాట్లాడుకున్నదీ ఉంటుంది, నిజంగా బలవంతం చేసిందీ ఉంటుంది. బయట నిలబడి చూసేవాడికి రెండింటిలోనూ కనిపించేవి పెనుగులాటా కేకలే. తేడా తెలిసేది ఆ పిల్లకు ఒక్కతికే. అందుకే తర్వాత జరిగే పంచాయితీ ముఖ్యం. కులపెద్దలు కూర్చుంటారు, ఓలి ఎంతో తేలుస్తారు, తప్పు కట్టిస్తారు, అందరూ కలిసి తింటారు తాగుతారు. మగపిల్లవాడి వాళ్లే సొమ్ము ఇవ్వాలి. ఓలి అంటే ఆడపిల్లను అమ్ముకోవడమేనని మైదానపు సంస్కర్తలు ఈసడించారు. కట్నంతో పోల్చి చూస్తే, ఒక ఇల్లు తన పనిచేసే చేయిని పోగొట్టుకుంటోందని ఒప్పుకునే లెక్క కనీసం అందులో ఉంది. మగడు చచ్చినా, మగడితో పొసగకపోయినా మారుమనువుకు అక్కడ అడ్డు లేదు.

ఇక్కడే చరిత్ర ఒక తమాషా చేసింది. భద్రాచలం తాలూకా 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారింది. 1881 డిసెంబరు 11న అదే జిల్లాలోని రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. పోలీసుల కాపలా పెట్టుకోవాల్సి వచ్చింది, వెలివేతలు, శాపనార్థాలు, ఊరంతా గగ్గోలు. అదే నదికి ఎగువన కోయ గూడేల్లో ఎప్పటినుంచో ఉన్నదాన్నే దిగువన ఆయన యుద్ధం చేసి సాధించాల్సి వచ్చింది. పోనీ ఆ సంస్కర్త ప్రేమనంతటినీ ఒప్పుకున్నాడా? 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని అసభ్యమని తీసిపారేసిందీ ఆయనే. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పట్టుబట్టి పూర్తి ప్రతి అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి స్వాతంత్ర్యం దాకా ఆగాల్సి వచ్చింది. విధవకు భర్త దొరకవచ్చు గానీ, ఆడది తన కోరికను తానే రాసుకోకూడదు అన్నమాట.

మళ్లీ కోయల అడవిలోకే వచ్చి ఇంకాస్త పైకి పోతే మేడారం. రెండేళ్లకోసారి మాఘంలో జరిగే జాతరకు సమ్మక్క భర్త పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, సారలమ్మ భర్త గోవిందరాజు కొండాయి నుంచి వస్తారు. పూజారులైన వడ్డెలు వాళ్లను కాలినడకన తెస్తారు. భార్య ఉన్న చోటికే భర్త కదిలివస్తాడు. విగ్రహాలు లేవు, వెదురు, కుంకుమ భరిణె చాలు.

తెలుగు సాహిత్యం ప్రేమను కొత్తగా తలకెత్తుకున్న 1910, 20 దశకాల్లో ముగ్గురు మూడు దారులు పట్టారు. రాయప్రోలు సుబ్బారావు ‘తృణకంకణం’లో ప్రేమించిన అమ్మాయికి వేరే చోట పెళ్లయిపోతుంది. ఆమె చేతికి గడ్డిపోచ కంకణమే మిగులుతుంది. శరీరం అడగని స్నేహం కనుక ఎవరి అనుమతీ అక్కర్లేదన్నదే ఆయన అమలిన శృంగారం. చలం 1927 నాటి ‘మైదానం’లో దీనికి పూర్తిగా ఎదురు నడిచాడు. రాజేశ్వరి భర్తను వదిలి అమీర్‌తో మనుషులు లేని చోటికి పోతుంది. అత్త లేదు, ఊరు లేదు, చట్టం లేదు, రెండు శరీరాలూ ఆకాశమూ మాత్రమే. మూడో మనిషిని పూర్తిగా తీసేస్తే ప్రేమ ఏమవుతుందో చూద్దామన్న ప్రయోగం అది. చలం నిజాయితీ ఏమిటంటే ఆ ప్రయోగాన్ని గెలిపించలేదు. మీరా అనే కుర్రాడు ఆ మైదానంలోకీ వచ్చాడు, కథ రక్తంతో ముగిసింది.

మూడో దారి విశ్వనాథ సత్యనారాయణది. ఆ దారి ఈ నేలమీదే ఉంది. కిన్నెరసాని పాల్వంచ అడవుల్లోంచి వచ్చి భద్రాచలం దాపున గోదావరిలో కలుస్తుంది. ఇప్పుడు దాని మీద జలాశయం ఉంది, కొత్తగూడెం థర్మల్ కేంద్రానికి నీళ్లిచ్చేది అదే. ఆ వాగును విశ్వనాథ ఒక తెలుగింటి కోడలిని చేశాడు. కిన్నెర మగణ్ని ప్రాణంగా చూసుకుంది, అత్త నింద వేసింది, మగడు తల్లిముందు నోరెత్తలేదు. ఆమె అడవిలోకి పరుగెత్తింది. వెనకాలే వచ్చి అతడు కావలించుకునేసరికి ఆమె నీరై కరిగి పారిపోయింది, అతడు రాయైపోయాడు. సంప్రదాయవాదిగా పేరుపడ్డ కవి, వివాహం లోపల ఇంత తాపాన్ని పెట్టడం గమనించాల్సిన సంగతి. ఆయన వేలెత్తి చూపింది కోరికను కాదు, మాట్లాడాల్సిన చోట మాట్లాడని భర్తను. భావకవుల ప్రేయసులందరూ ఊహల్లో ఉంటే ఈమె ఉమ్మడి కుటుంబం వంటింట్లోంచి లేచి వచ్చింది. తెలుగులో ప్రేమ గురించి వచ్చిన కావ్యాల్లో అత్త, మగడు, పెళ్లాం అనే ముక్కోణాన్ని ఇంత సూటిగా పట్టుకున్నవి అరుదు.

తర్వాత ఈ అడవిలోకి ఇంకో సాక్షి వచ్చాడు, కమ్యూనిస్టు పార్టీ. తెలంగాణ సాయుధ పోరాటంలో 1948 పోలీసు చర్య తర్వాత దళాలు గోదావరి అడవుల్లోకి జరిగాయి. 1980లో పీపుల్స్‌వార్ ఏర్పడ్డాక మళ్లీ నది దాటాయి. కులం, కట్నం, ముహూర్తం లేని దండల పెళ్లి వచ్చింది. దళంలో పెళ్లాడాలంటే పార్టీ అనుమతి కావాలి. పాత పెద్దల పెత్తనం పోయిన చోట కొత్త పెద్దలు కూర్చున్నారని వెక్కిరించడం సులువే. కానీ ఆ దండల పెళ్లి ఎంతోమంది ఆడపిల్లలకు కులం గోడ దాటే ఏకైక దారి అయింది. దాని ఖరీదు ఎంతో కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’లో ఉంది. 1918లో పుట్టి, బాల్యంలోనే వితంతువై, కొండపల్లి సీతారామయ్యను పెళ్లాడి, ఉద్యమంలో అజ్ఞాతవాసం చేసి, చివరకు ఆయన విడిచి వెళ్లిపోతే ఒంటరిగా నిలబడ్డ మనిషి. పీపుల్స్‌వార్ స్థాపకుడు ఆ సీతారామయ్యే. తొంభై దాటిన వయసులో, 2012లో ఆమె ఆ పుస్తకం వెలువరించారు. అందులో నిష్ఠూరం తక్కువ, లెక్క ఎక్కువ. విప్లవం సాక్షిగా కట్టుకున్నవాడు వదిలేస్తే ఫిర్యాదు ఎవరికి చేయాలన్న ప్రశ్నకు ఆ ఉద్యమం దగ్గరా జవాబు లేకపోయింది.

ఇప్పుడు పెద్ద సాక్షి ప్రభుత్వం. దాని చూపు ఏజెన్సీలో ఒకలా, మైదానంలో ఒకలా ఉంటుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. కోయ జంట పెళ్లికి ఆధారం వాళ్ల ఆచారమే. దానికి తోడు జనం 1/70 అని పిలిచే 1970 నాటి సవరణ ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదలాయింపు చెల్లదు. ఆదివాసీ భూమికి ఇంత గట్టి రక్షణ మరొకటి లేదు. దాన్ని దాటడానికి కొందరు కనిపెట్టిన అడ్డదారుల్లో ఒకటి, ఆదివాసీ స్త్రీని కట్టుకుని ఆమె పేరున భూమి రాయించడం. దానితో గూడెం పిల్లా బయటి పిల్లాడూ నిజంగానే మనసుపడినా చూసేవాళ్లకు ముందు కనిపించేది ఎకరాలే. ఆ అనుమానం అన్యాయమూ కాదు, ప్రతిసారీ నిజమూ కాదు. పిల్లలు పుట్టాక కుల ధ్రువీకరణ పత్రం గొడవ మొదలవుతుంది. తండ్రి కులమే పిల్లలదని గుడ్డిగా తేల్చేయకూడదని, ఆ బిడ్డ ఏ సమాజంలో ఎలా పెరిగిందో చూడాలని సుప్రీంకోర్టు 2012లో రమేష్‌భాయ్ దభాయ్ నాయికా కేసులో చెప్పింది. ఒక జంట ఎక్కడ కాపురం పెట్టింది, ఎవరి పండగలు చేసుకుంది, గూడెం వాళ్లు కలుపుకున్నారా లేదా అని విచారించే పని ఇప్పుడు తహశీల్దారు కార్యాలయానిది. రామదాసు చేసిన ఉద్యోగంలో ఈ బాధ్యత లేదు.

2018 మార్చిలో శక్తివాహిని కేసు తీర్పులో సుప్రీంకోర్టు, ఇద్దరు మేజర్లు ఇష్టపడి పెళ్లాడితే కులపంచాయితీకి గానీ కుటుంబానికి గానీ అడ్డుపడే హక్కు లేదంది. ఆరు నెలలు తిరగకుండానే, సెప్టెంబరులో, మిర్యాలగూడలో కులం దాటి పెళ్లి చేసుకున్న ఒక దళిత యువకుణ్ని, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే, ఆస్పత్రి గేటు దగ్గర నరికి చంపారు. తీర్పు జంటకు సాక్షిగా నిలబడగలదు, కాపలాగా నిలబడటం వేరే పని. మతం దాటో కులం దాటో ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకునేవాళ్లు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నిబంధన 1954 నుంచీ ఉంది. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడగడం దాని ఉద్దేశం. ఇంటినుంచి పారిపోయి వచ్చిన పిల్లకు అది తన ఆచూకీ ఊళ్లో చాటింపు వేయించినట్టే.

ఒకే లింగానికి చెందిన జంటల పెళ్లి గుర్తింపు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో మొదటి పిటిషనర్లు హైదరాబాద్ జంటే. కోర్టుకు పోకముందే, 2021 డిసెంబరులో, వాళ్లు అయినవాళ్ల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. తల్లిదండ్రులు వచ్చారు, స్నేహితులు వచ్చారు. గాథాసప్తశతి కాలపు చెలికత్తె నుంచి కులపెద్దల వరకూ ప్రేమకు ఉండాల్సిన పాత సాక్షుల్లో చాలామంది వాళ్లకు దొరికారు. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. కలిసి బతకడానికి అడ్డు లేదంది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ ఏకమయ్యారు. చట్టంలో చోటివ్వాలా వద్దా అన్నది పార్లమెంటు చూసుకోవాలన్నారు. పునఃసమీక్ష కోరిన పిటిషన్లను కోర్టు 2025 జనవరిలో కొట్టేసింది.